న్యాయాధిపతిని గీసిన చేయి

నడిగడ్డ పల్లెల్లో పెరిగినవారికి పిట్టలదొరను పరిచయం చేయనక్కర్లేదు. ఖాకీ నిక్కరు, బొత్తాలు ఊడిన కోటు, నెత్తిన దొరటోపీ, భుజాన కొయ్య తుపాకీ. మా చిన్నతనంలో అయిజ సంతకు అతను వచ్చాడంటే చాలు, ఎద్దుల బేరం సగంలో ఆపి మరీ జనం చుట్టూ మూగేవారు. తనకు లేని జాగీర్ల గురించి, కట్టించని మేడల గురించి, కొట్టని పులుల గురించి గుక్క తిప్పుకోకుండా కోతలు కోసేవాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఎవరి గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచారో, ఎవరి పేరు ఎత్తాలంటే గొంతు తగ్గించారో, ఆ దొరను మనసులో తలుచుకుని నవ్వేవారు. వారం పొడుగునా వంచిన తల ఆ కాసేపు పైకి లేచేది.

ఈ సంగతి ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. గడిచిన శ్రమల దినాల్లో మన ప్రాంతపు సంఘం ఒకదానిలో ఒక యౌవనస్థుడు ఒక బొమ్మ గీశాడు. ఏ సంఘమో, ఎవరో ఇక్కడ చెప్పము. సంఘపెద్ద ఒకాయన సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కానుకల సంచే ఆయన పొట్ట. వెనకాల మందిరం గోడలు మోకాలెత్తు దగ్గర ఆగిపోయి వాటి మీద గడ్డి మొలిచింది. ఆ బొమ్మ సంఘం వాట్సాప్ గ్రూపులో పడి, ఆదివారం నాటికి ఊరంతా తిరిగింది. ఆరాధన మధ్యలో ఆ పెద్దగారి భార్య కళ్లు తుడుచుకుంటూ లేచి వెళ్లిపోయారు. కమిటీ కూర్చుని ఆ అబ్బాయిని క్వయర్ నుంచి తీసేయాలంది. రెండేళ్లుగా నిర్మాణ నిధి లెక్క సంఘంలో ఎందుకు చదవలేదో ముందు అది చెప్పండని అబ్బాయి స్నేహితులు అడిగారు. ఇరుపక్షాలవారూ మాకు ఫోన్ చేసి, దీని మీద ఏదో ఒకటి రాయమన్నారు.

ఎవరి పక్షాన రాయాలో మాకు వెంటనే తోచలేదు. లెక్క అడగడం తప్పు కాదు. ఆ అమ్మ కన్నీళ్లు కూడా అబద్ధం కావు. అలా ఆలోచిస్తూ ఉండగా ఒక మనిషి జీవితం మాకు గుర్తుకు వచ్చింది. అధికారంలో ఉన్నవారి ముఖాలను ఆయనంత కఠినంగా గీసినవారు గత శతాబ్దంలో అరుదు. గీసిన తర్వాత తన చేతిని తానే అంతగా అనుమానించినవారు ఇంకా అరుదు. ఆయన పేరు జార్జ్ రూవో. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు, క్రైస్తవ విశ్వాసి.

రూవో 1871 మే 27న పారిస్‌లోని బెల్‌విల్ అనే కార్మికుల పేటలో పుట్టాడు. అప్పుడు పారిస్ తగలబడుతోంది. నగరాన్ని తమ చేతుల్లోకి తీసుకున్న కమ్యూన్ తిరుగుబాటును ప్రభుత్వ సైన్యం ఆ వారంలోనే వీధివీధినా అణచివేసింది. ఫిరంగి గుండ్లు ఇళ్ల మీద పడుతుంటే, నెలలు నిండిన తల్లిని నేలమాళిగలోకి దించారు. బిడ్డ అక్కడే పుట్టాడు. తండ్రి కొయ్యపని చేసేవాడు. పియానోలు తయారుచేసే కర్మాగారంలో చెక్కకు మెరుగు పెట్టడం ఆయన పని. కాథలిక్కు ఇంటివాడైనా, తన మనసుకు నచ్చిన ఒక బోధకుణ్ణి చర్చి అధికారులు ఖండించారన్న కోపంతో కొడుకును కొంతకాలం ప్రొటెస్టెంటు బడికి పంపాడు. పెద్దల తీర్పును ప్రశ్నించడం ఆ ఇంట్లో కొత్త కాదు.

తల్లి తరపు తాత తపాలా శాఖలో చిన్న ఉద్యోగి. డబ్బున్నవాడు కాకపోయినా బొమ్మలంటే ప్రాణం. చవకగా దొరికే అచ్చు చిత్రాలు కొని దాచేవాడు. వాటిలో ఎక్కువ ఇష్టంగా దాచుకున్నవి ఒనోరే డోమియే గీసినవి. మనవడు అక్షరాల కంటే ముందు ఆ బొమ్మలను చూసి నేర్చుకున్నాడు. తన మొదటి బడి డోమియేనే అని పెద్దయ్యాక చెప్పుకునేవాడు.

ఆ డోమియే ఎవరో తెలిస్తే మన కథ ఇంకొంచెం విశదమవుతుంది. 1831లో ఆయన ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్‌ను ఒక బొమ్మలో పెట్టాడు. రాజు కొండంత శరీరంతో కూర్చుని నోరు తెరిచి ఉంటాడు. ఆ నోటి దాకా ఒక పొడవాటి పలక వేసి ఉంటుంది. చిరిగిన బట్టలవాళ్లు తెచ్చి పోసిన నాణేలను గంపల్లో ఎత్తుకుని సేవకులు ఆ పలక ఎక్కి రాజు నోట్లో కుమ్మరిస్తుంటారు. వాట్సాప్‌లో తిరిగిన మన బొమ్మ మీకు ఇప్పుడు గుర్తుకు వచ్చే ఉంటుంది. దాదాపు రెండు వందల ఏళ్ల దూరంలో ఇద్దరికీ ఒకే ఊహ తట్టింది. ఆ బొమ్మకు డోమియేకు ఆరు నెలల జైలుశిక్ష పడింది. 1832లో అరెస్టు చేసి తీసుకెళ్లారు. 1835లో రాజకీయ వ్యంగ్య చిత్రాలనే అణిచివేసే చట్టం వచ్చింది. అప్పుడు డోమియే రాజును వదిలి సమాజం మీద పడ్డాడు. 1845 నుంచి 1848 వరకు న్యాయవాదుల మీద, న్యాయాధిపతుల మీద వరసగా బొమ్మలు వేశాడు. నిద్రపోయే జడ్జీలు, ఓడిపోయిన విధవరాలి పక్కన గర్వంగా నడిచిపోయే లాయర్లు. ఆ నల్లకోట్ల మనుషులే తాతగారి ఇంట్లో చిన్న జార్జ్ కళ్లముందు తిరిగారు.

పద్నాలుగేళ్లకు రూవోను పనిలో పెట్టారు. చర్చిల రంగు గాజు కిటికీలు బాగుచేసే కార్ఖానాలో అతను పనినేర్చుకునే కుర్రవాడు. మధ్యయుగాల నాటి కిటికీలు మరమ్మతుకు అక్కడికి వచ్చేవి. పగలు ఆ పని, రాత్రి బొమ్మలు నేర్పే బడి. ఆ కిటికీల్లో ముక్కముక్కకూ మధ్య నల్లటి సీసపు గీత ఉంటుంది. ఆ గీతే గాజును పట్టి నిలుపుతుంది. వెలుగు వచ్చినప్పుడు రంగును మండించేదీ ఆ నల్లగీతే. తర్వాతి రోజుల్లో రూవో గీసిన ప్రతి ముఖం చుట్టూ ఆ మందపాటి నల్లగీత కనిపిస్తుంది. దొంగ ముఖమైనా, రాజు ముఖమైనా, ప్రభువు ముఖమైనా ఆయన అదే గీతతో గీశాడు.

1890లో పారిస్‌లోని ప్రభుత్వ చిత్రకళాశాలలో చేరాడు. అక్కడ గుస్తావ్ మోరో ఆయనకు గురువు. తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడైన హెన్రీ మతీస్ సహవిద్యార్థి. దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్న బాలయేసును గీసి రూవో 1894లో ఒక బహుమతి పొందాడు. రోమ్ వెళ్లి చదివే గొప్ప బహుమతికి మాత్రం రెండుసార్లు పోటీపడి రెండుసార్లూ ఓడిపోయాడు. 1898లో మోరో చనిపోయాడు. తండ్రిలాంటి గురువు పోయాక రూవో చాలాకాలం చీకట్లో తడుముకున్నాడు. డబ్బు లేదు, ఆరోగ్యం పాడైంది. గురువు ఇంటిని మ్యూజియంగా మార్చినప్పుడు దాన్ని చూసుకునే చిన్న ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లోనే విశ్వాసం ఆయనలో గట్టిపడింది. అందంగా, నున్నగా బైబిలు దృశ్యాలు గీసే చేయి కూడా ఆ రోజుల్లోనే మారిపోయింది.

ఆయన వీధుల్లోకి నడిచాడు. వేశ్యలను గీశాడు, సర్కస్ విదూషకులను గీశాడు. ఒకరోజు దారి పక్కన ఆగిన సర్కస్ బండి దగ్గర ఒక ముసలి విదూషకుణ్ణి చూశాడు. తళుకులు కుట్టిన తన రంగురంగుల అంగీని ఆ ముసలాయన సూదీ దారంతో అతుకు వేసుకుంటున్నాడు. నవ్వించడానికి వేసుకునే ఆ మెరుపు అంగీ ఒకవైపు, దాన్ని కుట్టుకుంటున్న అలసిన ముఖం ఒకవైపు. ఆ దృశ్యం రూవోను వదలలేదు. ఆ విదూషకుడు తానేనని, మనమందరమూ అదేనని, ఒక్కొక్కరం ఒక్కో మెరుపు అంగీ తొడుక్కుని తిరుగుతున్నామని ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. అటుపైన ఎదుట నిలిచినవాడు రాజైనా చక్రవర్తి అయినా, ఆ అంగీ కింద ఉన్న ప్రాణాన్నే చూస్తానని నిశ్చయించుకున్నాడు.

ఆ కళ్లతోనే 1907లో కోర్టుకు వెళ్లాడు. ప్రాసిక్యూటర్ కార్యాలయంలో పనిచేసే ఒక స్నేహితుడు ఆయనను పారిస్ న్యాయస్థానానికి తీసుకెళ్లేవాడు. రూవో వెనక బెంచీలో కూర్చుని చూసేవాడు. ఎర్రని అంగీలు, నల్లని టోపీలు, బలిసిన మెడలు, మూతపడే కళ్లు. బోనులో రొట్టె దొంగిలించినవాడో, వీధిలో పట్టుబడ్డ ఆడమనిషో. కొన్ని నిమిషాల్లో ఒక జీవితం తేలిపోయేది. తర్వాతి పిలుపు. ఇంటికి వచ్చి ఆయన గీసిన న్యాయాధిపతుల చిత్రాలు చూసినవారు ఉలిక్కిపడ్డారు. ముఖాలు మాంసపు ముద్దల్లా ఉన్నాయి. నోరు వంకర, కళ్లు గుంటలు. ముగ్గురు న్యాయాధిపతులు పక్కపక్కన కూర్చుంటే ముగ్గురూ ఒకే బరువైన గోడలా కనిపిస్తారు. ఆ అధికారం కింద ఏ మనిషి గొంతూ పైకి వినిపించదని చూడగానే తెలుస్తుంది.

ఫ్రాన్సులో అప్పటికి కొద్దికాలం ముందే, 1904లో, న్యాయస్థానాల గోడల మీది సిలువలను తొలగించారు. రూవో మాత్రం తన కోర్టు చిత్రాల్లో కొన్నిటిలో సిలువను ఉంచాడు. జడ్జీ తల వెనక, గోడ మీద, ఎవరూ పట్టించుకోని సిలువ. అన్యాయపు తీర్పుకు గురైన ప్రభువు, తీర్పు చెప్పే మనిషి వీపు వెనక వేలాడుతున్నాడు. దానికి మించిన వ్యంగ్యం మరొకటి ఉంటుందా?

ఇంతవరకు చదివితే రూవో కూడా డోమియే మనవడే అనిపిస్తుంది. కానీ ఆ చిత్రాల్లో చూసినవారిని తికమకపెట్టిన సంగతి ఒకటుంది. కొన్నిటిలో ఎవరు జడ్జీయో, ఎవరు ముద్దాయో పోల్చుకోవడం కష్టం. ఇద్దరి ముఖమూ ఒకటే. ఈ సంగతి అడిగినప్పుడు రూవో చెప్పిన జవాబు ఆయన జీవితానికే తాళంచెవి లాంటిది. సాటి మనిషికి తీర్పు తీర్చవలసిన మనిషిని చూసినప్పుడు తనకు కలిగిన వేదనే ఆ ముఖాల్లోకి వచ్చిందని, ఆ తికమక తన మనసులోనిదని, ఆ న్యాయాధిపతులకు శిక్ష వేయడం మాత్రం తన వల్ల కాదని ఆయన అన్నాడు. లోకంలోని ఐశ్వర్యమంతా ఇచ్చినా ఆ కుర్చీలో కూర్చోలేనని కూడా చెప్పాడు. గీసిన వెంటనే తానూ ఒక తీర్పు తీర్చానన్న భయం ఆయనకు పట్టుకుంది. అందుకే జడ్జీని గీసిన చేయి, ఆ జడ్జీని బోనులోని మనిషికి అన్నదమ్ముణ్ణి చేసింది.

విశ్వాసుల లోకం ఆయనను మెచ్చుకోలేదు. లెయాన్ బ్లువా అనే కాథలిక్కు రచయితను రూవో ఎంతో గౌరవించేవాడు. పేదల పక్షాన నిప్పులు కురిసే రచయిత ఆయన. ఆయన నవల చదివి కదిలిపోయి, దానిలోని మనుషులను గీసి తీసుకెళ్లి చూపించాడు. బ్లువాకు అసహ్యం వేసింది. ఇంత వికారం ఎందుకని మండిపడ్డాడు, రాతలో కూడా దుయ్యబట్టాడు. రూవో వాదించలేదు. బొమ్మ మార్చలేదు, ఆయన ఇంటికి వెళ్లడం మానలేదు. 1917లో బ్లువా చనిపోయేవరకు ఆ స్నేహం నిలిచింది. మనలో ఒకరు ఒక మాట అంటే మరుసటి వారం వేరే సంఘం వెతుక్కునే మనకు ఇది చిన్న సంగతి కాదు.

1908లో ఆయనకు మార్త్ అనే పియానో ఉపాధ్యాయురాలితో పెళ్లయింది. నలుగురు పిల్లలు. బొమ్మలు అమ్ముడుపోని ఏళ్లలో ఆమె చెప్పిన పాఠాల డబ్బే ఇంటికి ఆధారం. 1917లో ఆంబ్రువాజ్ వొలార్ అనే చిత్రాల వ్యాపారి వచ్చి రూవో గదిలోని చిత్రాలన్నీ, పూర్తయినవీ కానివీ, మొత్తం 770 దాకా ఒక్కసారే కొనేశాడు. పూర్తికానివాటిని నిదానంగా పూర్తిచేసి ఇస్తానని రూవో మాట ఇచ్చాడు.

ఆ రోజుల్లోనే ఆయన జీవితంలోకెల్లా పెద్ద పని సాగుతోంది. 1912లో తండ్రి చనిపోయిన దుఃఖంలో దానికి బీజం పడింది. 1914లో యుద్ధం వచ్చి దాన్ని పెంచింది. 1922 నుంచి 1927 వరకు రాగి రేకుల మీద చెక్కాడు. మొత్తం 58 నల్లని చిత్రాలు. పుస్తకంగా వెలువడేసరికి 1948 అయింది. దానికి ఆయన పెట్టిన పేరు మిసెరేరే. లాటిన్ బైబిల్లో 51వ కీర్తన ఆ మాటతోనే మొదలవుతుంది.

51వ కీర్తన ఎప్పుడు పుట్టిందో మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. దావీదు ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను చంపించిన తర్వాత నాతాను ప్రవక్త రాజు దగ్గరికి వెళ్లాడు. వెళ్లి నేరుగా తిట్టలేదు. ఒక బొమ్మ గీశాడు. ఎన్నో మందలున్న ధనవంతుడు, ఒక్కటే గొర్రెపిల్ల ఉన్న పేదవాడు. ఆ ధనవంతుడి మీద రాజుకు కోపం వచ్చి శిక్ష కూడా చెప్పేశాడు. ఆ తర్వాత తెలిసింది, ఆ బొమ్మలోని ముఖం తనదేనని. ఆ క్షణంలో రాజు బొమ్మ గీసినవాణ్ణి చెరసాలలో వేయించి ఉండవచ్చు. అతని చేతిలో ఆ అధికారం ఉంది. దానికి బదులు విరిగిపోయాడు. ఆ విరిగిన గుండెలో నుంచి వచ్చిందే ఆ కీర్తన. అంటే మన బైబిల్లోని గొప్ప పశ్చాత్తాప గీతం ఒక రాజు తన వ్యంగ్య చిత్రాన్ని చూసుకున్నప్పుడు పుట్టింది.

రూవో 58 చిత్రాల్లో ఇదే వరుస నడుస్తుంది. కిరీటం పెట్టుకుని మనమే రాజులమనుకునే మనిషి ఉన్నాడు. పక్కనే ముఖానికి రంగు పూసుకున్న విదూషకుడు ఉన్నాడు. వేషం వేసుకోనివారు మనలో ఎవరని ఆ బొమ్మ అడుగుతుంది. పరలోకంలో తనకు కుర్చీ ముందే కేటాయించి ఉందని నమ్మే ధనవంతురాలు ముక్కు పైకెత్తి నిలబడింది. నేరస్థుణ్ణి తీసుకుపోతున్నారు. ఆ పక్క చిత్రంలో అతని లాయరు పెద్ద మాటలతో చేయి ఊపుతున్నాడు. తర్వాతి చిత్రంలో అందరూ మరచిపోయిన సిలువ. యుద్ధపు చిత్రాల్లో బిగుసుకున్న మెడపట్టీతో ఒక సైనికాధికారి ఉన్నాడు. మనసు ఎంత గొప్పదైతే మెడ అంత తేలికగా వంగుతుందని దాని భావం. ఇంతమంది ముఖాలు చూసి చూసి చివరి రేకుకు వస్తే అక్కడ ముళ్లకిరీటంతో ప్రభువు ముఖం ఒక్కటే ఉంటుంది. యెషయా 53వ అధ్యాయంలో మన స్వస్థత గురించి ఉన్న మాటే దాని పేరు. దొంగకూ, జడ్జీకీ, రాజుకూ, గీసినవాడికీ స్వస్థత అక్కడే అని ఆ పుస్తకం ముగుస్తుంది.

అదే కాలంలో జర్మనీలో జార్జ్ గ్రోస్ అనే చిత్రకారుడు ఉన్నాడు. సైన్యాధికారులను, ధనవంతులను, పాదిరీలను కూడా పందుల్లా, పిశాచాల్లా గీశాడు. సిలువ మీద ప్రభువు ముఖానికి విషవాయువు ముసుగు తొడిగి గీసినందుకు 1928లో ఆయన మీద దైవదూషణ నేరం మోపారు. యుద్ధానికి ఆశీర్వాదం పలికిన చర్చిని నిలదీయడమే తన ఉద్దేశమని గ్రోస్ వాదం. ఆ కోపానికి కారణం ఉంది. మన దేశంలో శంకర్ 1948లో పెట్టిన వారపత్రికలో నెహ్రూను ఎన్ని విధాల ఆటపట్టించాడో చెప్పనక్కర్లేదు. తనను కూడా వదలవద్దని నెహ్రూయే ఆయనకు చెప్పాడంటారు. తెలుగులో తలిశెట్టి రామారావు మొదలుపెట్టిన వ్యంగ్య చిత్రాల దారిలో ఎందరో నడిచారు. వీరందరి అవసరమూ ఉంది. నవ్వుకు భయపడే అధికారం మంచి అధికారం కాదు. అయితే వీరిలో విశ్వాసికి దగ్గరి బంధువు రూవో అని మా మనవి. ఎందుకంటే ఆయన ఆ బొమ్మల్లో తననూ చేర్చుకున్నాడు.

1916లో మొదలుపెట్టిన ఒక ముసలి రాజు చిత్రాన్ని ఆయన ఇరవై ఏళ్ల పాటు దిద్దుతూ వచ్చాడు. 1936లో గాని పూర్తికాలేదు. ఇప్పుడది అమెరికాలోని పిట్స్‌బర్గ్ మ్యూజియంలో ఉంది. కిరీటం ఉంది, ఎర్రని వస్త్రం ఉంది, చేతిలో చిన్న పూలగుత్తి ఉంది. తల కొద్దిగా వంగి ఉంది. ఎగతాళి ఎక్కడా లేదు. కోర్టు బెంచీలో కూర్చుని మండిపడ్డ మనిషి ఇరవై ఏళ్లు దిద్దితే అధికారం ఇలా కనిపించింది. బరువు మోసి అలసిన ఒక ముసలి ప్రాణంలా.

చివరికి ఆయనే కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. 1939లో వొలార్ కారు ప్రమాదంలో చనిపోయాడు. వారసులు రూవో పూర్తిచేయని చిత్రాలను తమ సొత్తుగా పట్టుకున్నారు. తాను పూర్తయిందని చెప్పేవరకు చిత్రం తనదేనని రూవో దావా వేశాడు. 1947లో న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. జీవితమంతా న్యాయాధిపతులను గీసినవాడికి న్యాయం న్యాయాధిపతుల చేతే దొరికింది. వందలకొద్దీ చిత్రాలు తిరిగి వచ్చాయి. అప్పుడు ఆయనకు 76 ఏళ్లు. అన్నీ పూర్తిచేసే ఆయుష్షు లేదని ఆయనకు తెలుసు. 1948 నవంబరు 5న సాక్షుల ఎదుట 315 చిత్రాలను కొలిమిలో వేసి కాల్చేశాడు. అమ్ముకుంటే అవి ఎంత ధర పలికేవో! పరుల బొమ్మను నిర్దాక్షిణ్యంగా గీసినవాడు, తన పనికి తాను అంతకంటే కఠినమైన తీర్పు చెప్పుకున్నాడు.

పద్నాలుగేళ్లప్పుడు చర్చి కిటికీల గాజు పట్టుకున్న ఆ చేతికి, డెబ్భై ఏళ్లు దాటాక గాని చర్చి నుంచి పిలుపు రాలేదు. ఆల్ప్స్ కొండల్లో అస్సీ అనే చోట కట్టిన దేవాలయంలో ఆయన గీసిన కిటికీలు పెట్టారు. 1958 ఫిబ్రవరి 13న, 86 ఏళ్ల వయసులో, పారిస్‌లో కన్నుమూశాడు. ఎవరి ముఖాలను జీవితమంతా గీశాడో ఆ ప్రభుత్వమే ఆయనకు అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది.

ఇప్పుడు మన సంఘం సంగతికి వద్దాం. ఆ బొమ్మ గీసిన తమ్ముడికి మొదట ఒక మాట. వాక్యంలో నీకు పూర్వికులు ఉన్నారు. న్యాయాధిపతులు 9వ అధ్యాయంలో యోతాము కొండెక్కి, చెట్లన్నీ కలిసి ముండ్లపొదను రాజును చేసుకున్న కథ చెప్పి అబీమెలెకును ఎండగట్టాడు. ప్రభువు హేరోదును నక్కతో పోల్చాడు. దోమను వడగట్టి ఒంటెను మింగేవారి బొమ్మను మత్తయి 23లో ఆయనే గీశాడు. కనుక బొమ్మ గీయడమే పాపమని మేము అనము. కానీ అదే అధ్యాయం ఎలా ముగుస్తుందో చూడు. అంత కఠినంగా మాట్లాడిన ప్రభువే, పిల్లలను రెక్కల కింద చేర్చుకోవాలనుకున్న తల్లికోడిలా యెరూషలేము కోసం బాధపడ్డాడు. సౌలు తన ప్రాణం తీయడానికి వెంటాడుతుంటే, గుహలో దావీదు అతని వస్త్రపు చెంగు మాత్రం కోశాడు. అంతమాత్రానికే అతని గుండె కొట్టుకుంది. నువ్వు గీసిన తర్వాత నీ గుండె కొట్టుకుందా? ఆ అమ్మ లేచి వెళ్లినప్పుడు కొట్టుకుందా? నాతాను రాజు ఎదుటికి వెళ్లి నిలబడ్డాడు. వాట్సాప్‌లో వదిలి ఇంట్లో కూర్చోలేదు. ఆ బొమ్మలో ఎక్కడో ఒక మూల నీ ముఖం కూడా గీసుకోగలవేమో చూడు. నెల నెలా నువ్వు ఇస్తానన్న కానుక ఇచ్చావా? ఆ మోకాలెత్తు గోడ మీద ఒక్క ఇటుకైనా నీ చేతితో పెట్టావా?

పెద్దలకు ఒక మాట, వినయంగా. అభిషిక్తుణ్ణి వేలెత్తి చూపకూడదని మన సంఘాల్లో తరచూ వింటున్నాం. అయితే సౌలు మీద చేయి వేయని దావీదే, గుహ బయటికి వచ్చి ఆ చెంగు ముక్క పైకెత్తి, తనకు జరిగిన అన్యాయాన్ని అందరూ వినేలా చెప్పాడు. చేయి వేయకపోవడం వేరు, నోరు మూసుకోవడం వేరు. బొమ్మ అబద్ధమైతే లెక్కపుస్తకం తెరిస్తే చాలు, అది దానంతట అదే చెరిగిపోతుంది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, రూపాయి రూపాయి లెక్క సంఘం ముందు చదవండి. సిమెంటు ధర పెరిగి పని ఆగిందా? కానుకలు రాక ఆగిందా? ఆ సంగతి జనానికి చెప్పండి. తప్పు జరిగి ఉంటే ఒప్పుకోండి. ఒప్పుకున్న రాజును దేవుడు ఇంకా రాజుగానే ఉంచాడు. ఆ అబ్బాయిని క్వయర్ నుంచి తీసేస్తే, బొమ్మ నిజమేనని మీరే సంతకం పెట్టినట్టు అవుతుంది.

సంఘమంతటికీ ఒక మాట. ఆ బొమ్మను చూసి నవ్వి, పదిమందికి పంపి, ఆదివారం ఆ పెద్దగారికి చేయి కలిపి వందనాలు చెప్పినవారం మనమే. నవ్విందీ మనమే, లెక్క అడగకుండా రెండేళ్లు ఊరుకుందీ మనమే. ఆ అమ్మ లేచి వెళ్తుంటే వెంట వెళ్లి చేయి పట్టుకోనిదీ మనమే. రూవో అయితే మనందరినీ ఒకే చట్రంలో, ఒకే నల్లగీతతో గీసి ఉండేవాడు.

పిట్టలదొర ఆట ముగిశాక టోపీ తీసి, అదే టోపీ చాచి జనం దగ్గర బియ్యమో, చిల్లరో అడిగేవాడు. అప్పుడు ఆ టోపీ కింద అతని నెరిసిన జుట్టు, ఎండిన ముఖం కనిపించేవి. చిన్నపిల్లలమైన మేము అప్పుడు నవ్వడం ఆపేసేవాళ్లం. ఎందుకో అప్పట్లో తెలియలేదు.

ఈ వారం ఆ సంఘంలో పెద్దగారు లెక్కపుస్తకం పట్టుకుని, ఆ తమ్ముడు తన బొమ్మ పట్టుకుని, ఒకే బల్ల దగ్గర కూర్చుంటారని మా ఆశ. 51వ కీర్తన ఇద్దరూ కలిసి చదివితే ఇంకా మంచిది. ప్రభువు వారికీ మనకూ సహాయం చేయును గాక.